పెళ్లి కాక వేరే చుట్టరికం

లీడ్స్,
9 జూన్ 2024.

అమ్మా,

ఉత్తరం అంగన్‌వాడీకి వచ్చిందని కంగారు పడొద్దు. జ్వరం లేదు, ఉద్యోగం పోలేదు, బాగానే తింటున్నాను. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడదామంటే నువ్వు స్పీకర్ పెట్టకుండా ఉండలేవు. ఒక పక్క నాయన, ఇంకో పక్క మామ, గోడ అవతల బయ్యమ్మత్త. ఆలస్యమైనా ఉత్తరమే నయమనిపించింది. నువ్వు చదివి నీ దగ్గరే పెట్టుకో.

మామ వీసాకి కాగితాలు మొదలుపెట్టాను. నర్సులు భర్తని తెచ్చుకోవడానికి ఇక్కడ అనుమతి ఉంది. అయితే పెళ్లయిన నెలకే నేను విమానం ఎక్కేశాను కదా, అది నిజం పెళ్లేనా, వీసా కోసం కట్టిన తాళా అని వాళ్లు ఆరా తీస్తారట. దానికి రుజువులు పెట్టాలి. పుంగనూరు రిజిస్ట్రారాఫీసులో పెళ్లి సర్టిఫికెట్టు తీసుకోండి. ఫోటోల్లో తాళి కట్టేది, తలంబ్రాలు పోసేది, కుప్పం నుంచి నా నర్సింగ్ స్నేహితురాళ్లు పెళ్లికి వచ్చినప్పటిది చాలు. ఇంటివాళ్లందరూ గుంపుగా నిలబడింది వద్దు. ఎందుకని అడగొద్దు.

నాతో ఒకే ఇంట్లో ఉండే హుమా గుర్తుంది కదా, మదనపల్లెలో పరుపులు కుట్టే ఫకీర్ సాహెబ్ కూతురు. వాళ్లాయన మోసిన్ పోయిన నెల వచ్చేశాడు. మోసిన్ ఆమెకి మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి తెలిసిన కుటుంబాలని పెద్దవాళ్లు రాసిచ్చారట, తొందరగా వచ్చింది. మనదీ వస్తుంది. కానీ మన సంగతి ఎవరడిగినా పొడుగ్గా చెప్పొద్దు. పెళ్లయింది, బాగున్నారు, అంతే.

ఇంకొక మాట. వీడియో కాల్‌లో మామ నన్ను ‘పాపా’ అని గట్టిగా పిలుస్తాడు. వంటింట్లో మిగతా నర్సులు ఉంటారు. పాప అంటే ఏమిటని ఒకామె అడిగింది. ఏదో ముద్దుపేరని చెప్పి తప్పించుకున్నాను. నువ్వే మామకి ఎట్లాగో నచ్చచెప్పు. నేను చెప్పానని మాత్రం అనొద్దు.

నీ మోకాళ్ల నొప్పికి పంపిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకో.

నీ
ప్రమీల

* * *

పుంగనూరు,
22 జూన్ 2024.

మా ఇంటి నర్సమ్మకు, అమ్మ బుగ్గలు పుణికి రాసేది.

పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడి “ఫారిన్ కవరు!” అని అరిచినాడు. గుడ్లు తింటున్న పిల్లలంతా లేచి నిలబడినారు. ఆ సమయానికే మా సూపర్‌వైజర్ అమరావతి మేడం తనిఖీకి వచ్చి ఉంది. పిల్లల బరువులు చూడాల్సిన మనిషి నీ కవరు మీది స్టాంపు చూసి, అడిగి చించుకుని పోయింది. స్టాంపు పోతే పోయింది, తనిఖీ తొందరగా అయిపోయింది.

నీ ఉత్తరం చదివి నాకు నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. ఏదో దొంగతనం చేసినట్టు రాస్తావేమి? రిజిస్ట్రారాఫీసుకి నేనూ మీ మామా పోయినాము. అక్కడి గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసి, “పెండ్లికొడుకు మీకేమవుతాడమ్మా?” అన్నాడు. “నా తమ్ముడప్పా, తోడబుట్టినోడు. నా బిడ్డను నా తమ్ముడికే ఇచ్చుకున్నా” అని చెప్పినాను. “అదృష్టవంతురాలివి. బిడ్డా బయటికి పోలేదు, తమ్ముడూ పోలేదు” అన్నాడు ఆయన. పక్కన నిలబడినోళ్లు కూడా తలలు ఊపినారు. దీంట్లో దాచేదేముంది?

మా అమ్మ పోయేనాటికి చరణ్ పాలు మరవని బిడ్డ. నేను గౌను వేసుకునే వయసులో వాడిని చంకన వేసుకుని పెంచినాను. నా పెళ్లయి ఈ ఇంటికి వస్తే నా వెనకాలే వచ్చినాడు. మీ నాయన ఒక్క మాట అనలేదు. నువ్వు పుట్టినాక నిన్ను భుజాన మోసింది వాడే, బడికి తీసుకుపోయింది వాడే. వాడు నిన్ను పాపా అనక మేడం అంటాడా? అయినా చెప్పినాను. పాపం, ముఖం చిన్నబోయింది. “మరి ఏమని పిలవాలక్కా?” అన్నాడు. ప్రమీలా అని పిలువు అంటే, రెండు మూడుసార్లు గొణుక్కుని, “నోరు తిరగతా లేదు” అన్నాడు.

వాడు ఇప్పుడు మదనపల్లె టమాటా మార్కెట్టుకి పోయేది, వచ్చేది, ఆ మధ్యలో ఇంగ్లీషు. బస్సులో గొణుగుతాడు, స్నానం చేస్తా గొణుగుతాడు. “మై వైఫ్ ఈజ్ నర్స్. ఐ లవ్ మై వైఫ్” అని గట్టిగా చదివితే మీ నాయన కండువాతో ముఖం కప్పుకుని బయటికి పోయినాడు. అక్కడ చలికని ఒక స్వెట్టర్ కొన్నాడు. ఈ ఎండలో దాన్ని వేసుకుని చూసుకుంటాడు.

హుమా మొగుడి సంగతి చదివినాక నాకు ధైర్యం వచ్చింది. మోసిన్ మేనమామ కొడుకు మాత్రమే, అయినా వాళ్లు నమ్మినారు. మనవాడు సాక్షాత్తు మేనమామ. ఇంతకంటే దగ్గర ఎవరున్నారు? నువ్వు దిగులు పడొద్దు. రుజువుల సంగతి నేను చూసుకుంటాను.

పెరుగు లేందే నీకు ముద్ద దిగదని తెలిసిన
అమ్మ

* * *

లీడ్స్,
6 జూలై 2024.

అమ్మా,

గుమాస్తాకి అంత కథ చెప్పాల్సిన పనేముంది? చెప్పొద్దని రాశాను కదా. నీకు ఎవరైనా నోరు విప్పి అడిగితే చాలు, మూడు తరాలు చెప్తావు.

ఫారం నేనే నింపాను. మామ బెంగళూరులో వేలిముద్రలు ఇచ్చి, సంతకం పెట్టి, క్షయ లేదని డాక్టరు కాగితం తీసుకుంటే చాలు. అడిగిన ప్రశ్నలన్నిటికీ ఏం కావాలో అదే రాశాను. మామ మళ్లీ చదవక్కర్లేదు, చదివినా అర్థం కాదు. మదనపల్లెలో వీసా కాగితాలు చూసే మునిచంద్ర అనే అతని నంబరు హుమా ఇచ్చింది. అతను కంప్యూటర్లో ఎక్కిస్తాడు. నేను పంపిన కాగితాలు, సర్టిఫికెట్టు, ఆ మూడు ఫోటోలు. వేరేవి వద్దు.

బెంగళూరుకి మామ ఒక్కడే పోవాలి. నువ్వు తోడు పోవద్దు. అక్కడ ఆఫీసులో కూర్చుని పక్కవాళ్లతో మాట్లాడతావని నా భయం. తప్పుగా అనుకోకు. ఇక్కడివాళ్ల లెక్కలు వేరు. అన్నీ ఉత్తరంలో రాయలేను.

పోయిన వారం మా వార్డులో ఒక ముసలాయన పోయాడు. డెబ్బై ఏళ్లు కాపురం చేసిన భార్య ఆయన చెయ్యి పట్టుకుని, మీ పెళ్లి ఎట్లా అయిందమ్మా అని నన్ను అడిగింది. పెద్దవాళ్లు కుదిర్చారని చెప్పాను. ఆయన ఎవరు అంది. మా కుటుంబానికి తెలిసినవాళ్ల అబ్బాయి అన్నాను. మామ ఆ సాయంత్రం ఫోన్ చేసి ‘ప్రమీలా’ అని పిలిచాడు. ఎవరో పరాయివాళ్లు పిలిచినట్టుంది.

ప్రమీల

* * *

పుంగనూరు,
20 జూలై 2024.

ప్రమీలకు,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులయింది. వెంటనే రాస్తే ఏమి రాస్తానో అని ఊరుకున్నాను.

నన్ను బెంగళూరు పోవద్దన్నావు. నాకు అర్థమైంది పాపా. అంగన్‌వాడీలో పిల్లల ముక్కులు తుడిచే ఆడమనిషి అద్దాల ఆఫీసులో కూర్చుంటే నీకు నామోషీ. మీ తాత కూలికి పోయినాడు, నేను జీతానికి పోతాండా, నువ్వు ఇంగ్లాండులో నర్సువి. ఎక్కేకొద్దీ కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి కామోసు. పోలేదులే. మామ ఒక్కడే పోయినాడు. స్వెట్టర్ వేసుకుని పోయినాడు, చెమటలు కక్కుతా తిరిగొచ్చినాడు. వేలిముద్రలు తీసే పిల్ల తమిళంలో మాట్లాడిందట, వీడు కుప్పంలో నేర్చిన తమిళంతో బదులిచ్చినాడు. చదివిన ఇంగ్లీషంతా వృథా అని బాధ.

మునిచంద్ర దగ్గరికి మాత్రం నేను పోయినాను. నా తమ్ముడి వీసాకి నేను పోకపోతే ఎవరు పోతారు? అతను కాగితాలు చూసి, “ఇంతేనామ్మా? ఇద్దరూ కలిసి ఉన్నింది నెలే కదా, నమ్మేదానికి ఇంకా గట్టిది ఏమన్నా ఉంటే పెట్టండి” అన్నాడు. చరణ్ నా చెయ్యి పట్టుకుని, “పాప వద్దన్నాది గదా అక్కా” అన్నాడు. “పాపకేం తెలుసురా, పెద్దోళ్లు రాసిస్తేనే హుమా మొగుడికి వచ్చినాది” అని నేనే రాసిచ్చినాను. మునిచంద్ర పిల్లోళ్లతో ఇంగ్లీషులో పెట్టించినాడు.

ఏమి రాసినానో నీకు చెప్తాను, నువ్వూ సంతోషపడు. “ఈ చరణ్ నా తోడబుట్టిన తమ్ముడు. ఈ ప్రమీల నా కడుపున పుట్టిన బిడ్డ. ఇద్దరినీ ఒకే కంచంలో తినిపించి పెంచినాను. వీళ్ల పెళ్లి అబద్ధమని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. బిడ్డ పుట్టిననాడే మా ఇంట్లో వీడికే అనుకున్నాము.” కింద సంతకం పెట్టి అంగన్‌వాడీ ముద్ర కూడా వేసినాను.

ఒక ఫోటో కూడా పెట్టినాను. నువ్వు పెద్దమనిషయినప్పుడు మామ పచ్చాకు గుడిసె కట్టి, చీర తెచ్చి నీ చేతిలో పెట్టినాడే, అది. మార్కెట్టులో వాడి మొదటి జీతంతో కొన్న చీర. నువ్వు తల వంచుకుని ఉంటావు, వాడు సిగ్గుతో ఎటో చూస్తా ఉంటాడు. అంత పాత ఫోటో ఎవరి దగ్గర ఉంటుంది? మునిచంద్ర కూడా దాన్ని వెలుతురులో పట్టుకుని చూసినాడు.

వీసా వచ్చినాక నా మీద కోపం తీసేస్తావులే.

నామోషీ పుట్టించే
మీ అమ్మ

* * *

లీడ్స్,
3 ఆగస్టు 2024.

అమ్మా,

వీసా రాలేదు. మామ మీకు చెప్పే ఉంటాడు. నువ్వు రాసిచ్చినది, ఆ ఫోటో వీసా కాగితాల్లోకి ఎట్లా చేరాయో మాత్రం నీ ఉత్తరం నిన్న చేతికి వచ్చేదాకా నాకు తెలియలేదు. వీసా ఎందుకు రాలేదో ఇప్పుడు విప్పి రాస్తాను. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. సిగ్గుపడి రాయలేదు.

ఈ దేశంలో మేనమామకీ మేనకోడలికీ పెళ్లి చట్టం ఒప్పుకోదు. అన్నదమ్ముల బిడ్డలు, మేనమామ కొడుకు, ఫరవాలేదు. అందుకే హుమాకి వచ్చింది. మేనమామ అంటే వీళ్లకి తండ్రి వరస. ఫారంలో ఒక ప్రశ్న ఉంది. పెళ్లి కాక మీ ఇద్దరికీ వేరే చుట్టరికం ఏమైనా ఉందా అని. లేదని నేను రాశాను. కింద సంతకం మామది. ఆ లేదు పక్కనే నీ ఉత్తరం ఉంది, ముద్ర వేసి మరీ.

వాళ్లు మా చుట్టరికం ఒక్కటే పట్టుకోలేదు. అబద్ధం చెప్పి వీసా అడిగాడని రాశారు. ఎవరు? మామ. అబద్ధం నాది, పేరు ఆయనది. ఇంక చాలా ఏళ్లు ఆయన ఈ దేశానికి వీసా అడగడానికే లేదట.

ఇది అక్కడితో ఆగలేదు. కారణం అర్థంకాక, నేను పూర్తిగా చదవకుండానే మునిచంద్ర ఫోన్‌లో పంపిన కాగితాల కట్టంతా మా ఆసుపత్రి ఆఫీసులో చూపించాను, వాళ్లు సాయం చేస్తారని. మర్నాడు ఉద్యోగుల మంచిచెడ్డలు చూసే ఆవిడ పిలిచింది. తలుపు మూసి, నీళ్లిచ్చి, బల్ల మీద నా ఫోటో పెట్టింది. పచ్చాకు గుడిసెలో నేను, పక్కన చీర పట్టుకుని మామ. “అప్పుడు నీకెంత వయసు? ఇతనికెంత? ఆ రోజు నుంచే నిన్ను ఇతనికని అనుకున్నారా?” అని అడిగింది. ఎంత మెల్లగా అడిగిందంటే, తిట్టినా బాగుండేది. అది పండగ అని చెప్పాను. చీర పెట్టడం మేనమామ మర్యాద అని చెప్పాను. నేను ఏం చెప్తే అది ఇంకా చెడ్డగా వినిపించింది. చివరికి, “ఈ పెళ్లికి ముందు నీ ఇష్టం ఎవరైనా అడిగారా?” అంది. అడిగారు అన్నాను. ఆమె నమ్మలేదు. నాకూ నమ్మబుద్ధి కాలేదు.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది అమ్మా. వద్దన్నది వద్దని ఒక్కసారైనా వినవు. నీ ప్రేమ ఎవరి మాటా ఆగి వినదు.

కానీ దానికంటే పెద్ద మాట ఒకటుంది. ఎవరికీ చెప్పలేక నీకే రాస్తున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చాక మామ వీడియోలో కనిపించాడు. ఏడ్చినట్టున్నాడు. ఆయన్ని చూస్తే ఆ ఆవిడ ఏం చూసిందో నాకూ అదే కనిపించింది, ఒక్క క్షణం. చిన్నప్పుడు నన్ను మోసిన మనిషి, నా మొగుడు, రెండూ ఒకటే ముఖం. ఫోన్ కట్ చేశాను. నెట్‌వర్క్ లేదని మెసేజ్ పెట్టాను. అప్పటినుంచి ఎత్తడం లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఈ ఉత్తరం మామకి చూపించొద్దు.

ప్రమీల

* * *

పుంగనూరు,
18 ఆగస్టు 2024.

పాపా,

పిల్లలు పడుకున్నాక అంగన్‌వాడీలోనే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ముఖం ఎత్తడానికి నాకు చాతకావడం లేదు.

నీ ఉత్తరం మామకి చూపించలేదు. చూపించే పని లేకుండా పోయింది. వీసా రాలేదన్న కాగితం వాడికి వచ్చింది కదా, దాన్ని మునిచంద్ర అంగడిలో చదివించుకున్నాడు. చదివినవాడు అందరి ముందరా గట్టిగా చదివినాడట. మేనమామ కుదరదని అక్కడ రాసి ఉంటే ఎవడో నవ్వినాడట. వాడు ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు. “దొంగ సంతకం పెట్టినోడి మాదిరి అయిపోయినా గదక్కా” అన్నాడు. స్వెట్టర్ తీసుకుపోయి బయ్యమ్మక్క మొగుడికి ఇచ్చేసినాడు. ఆయనకి అది బిగుతు.

నేను చేసింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. నీకు నామోషీ నా అంగన్‌వాడీ పని గురించి అనుకుని ఉత్తరంలో దెప్పినాను. అసలు సంగతి ఇది అని నాకు తట్టనే లేదు. ఎట్లా తడుతుంది? మా అమ్మమ్మ మేనమామనే చేసుకుంది. పక్కింట్లో అంతే, ఎదురింట్లో అంతే. వాయల్పాడులో మీ పెద్దనాయన కూతురిని బయటి సంబంధం ఇస్తే, ఇంట్లో మేనమామ లేడా పాపం అని అడిగినారు. మంచి అనుకున్నదాన్ని దాచాలని ఎవరికి తోస్తుంది? నువ్వు ఒక్క మాట తిన్నగా రాసి ఉంటే అని కోపం కూడా వచ్చింది. మళ్లీ ఆ కోపానికే సిగ్గేసింది. నా బిడ్డ నాకు తిన్నగా రాయలేనంతగా ఎందుకు అయింది అని.

ఆ ఇంగ్లీషావిడ అడిగిన మాట నన్ను వదలడం లేదు. అడిగారని చెప్పినావు. అడగలేదు పాపా. నువ్వు కుప్పంలో చదువుతున్నావు. నేనూ మీ నాయనా, కలకడ నుంచి వచ్చిన మీ చిన్నతాతా కూర్చున్నాము. “ఇంట్లో పిల్లోడుండగా యాల బయట దేవులాడేది?” అన్నాడు ఆయన. కాఫీ తాగేలోపల అయిపోయింది. నువ్వు సెలవుకి వచ్చినప్పుడు చెప్పినాము. నువ్వు సరే అన్నావు. సరే అనడం వేరు, అడగడం వేరు అని నాకు యాభై ఏళ్లు వస్తుంటే ఒక పరాయి మనిషి నేర్పాల్సి వచ్చింది.

నిన్న ధైర్యం చేసి చరణ్‌ని కూర్చోబెట్టి చెప్పినాను. “ఒరే, పాపను మేము అడగలేదురా. తప్పు చేసినామేమో” అని. వాడు, “నన్ను మాత్రం ఎవురడిగినారక్కా?” అన్నాడు. అంతే అన్నాడు. లేచి బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయినాడు. నీళ్లు రాలేదు, ఆడనే నిలబడి ఉన్నాడు. నా చేతుల్లో పెరిగినవాడు పాపా. నేను పెట్టిందే తిన్నాడు, నేను చెప్పిందే చేసినాడు. కాదంటే అన్నం పెట్టిన అక్క ముఖం చిన్నబోతుందని ఊరుకున్నాడేమో. ఇద్దరు బిడ్డల నోళ్లు నేనే మూసినానా?

మునిచంద్ర ఇంకో దారి చెప్పినాడు. కోర్టులో విడాకులు తీసుకుంటే, కొన్నేళ్లాగి మామగా చుట్టం చూపుకి రావచ్చంట. మొగుడిగా రాకూడదు, మామగా రావచ్చు. నాకు ఒళ్లు మండిపోయింది. చరణ్ మాత్రం, “పాపకి ఆడ తలెత్తుకునేట్టు ఉంటాదంటే యాడ పెట్టమంటే ఆడ సంతకం పెడతా” అన్నాడు. వాడికి నేనేమి చెప్పాలి? ఈసారి నా అంతట నేను ఏమీ చెప్పను, ఏమీ రాయను. నువ్వే చెప్పు.

ఏమని సంతకం పెట్టాలో తెలియని
అమ్మ

* * *

లీడ్స్,
7 సెప్టెంబరు 2024.

అమ్మా,

మొదట నీకు రెండు మాటలు. మిగతాది మామకి. కవరులో విడిగా అంటించి పెట్టాను, అది విప్పకుండా ఇవ్వు. నువ్వు విప్పవని నాకు తెలుసు. తెలిసినా రాస్తున్నాను, నవ్వుకో.

విడాకులు వద్దు. ఆ మునిచంద్ర గడప మళ్లీ ఎవరూ తొక్కొద్దు.

నన్ను ఎవరూ అడగలేదు, నిజమే. ఆ ఆవిడ దగ్గరికి నేనే మళ్లీ వెళ్లి ఆ మాట చెప్పాను. అడిగారని అబద్ధం చెప్పాను, అడగలేదు, కానీ ఈ పెళ్లిలో ఉండాలా వద్దా అనేది నాకు నేనే ఇప్పుడు అడుక్కుంటున్నాను అన్నాను. ఆమె నేను చెప్పిందంతా రాసుకుంది. నా గురించి ఇప్పుడు ఏమనుకుంటుందో తెలియదు. బయటికి వచ్చి వార్డులో అందరూ టీ తాగుతుంటే, నా భర్త మా అమ్మ తమ్ముడు అని చెప్పేశాను. ఒకామె కప్పు కింద పెట్టింది. ఇంకొకామె ‘ఓ’ అంది. హుమాని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన మోసిన్ ఆమె వైపు చూశాడు. హుమా మాత్రం ఇంటికి వచ్చాక, “మాలో మేనమామంటే బాపు లెక్కనే, హరామ్. కానీ మదనపల్లెలో పుట్టినదాన్ని, మీలో ఎట్లనో నాకు తెలవదా? అయితే నువ్వు ఇన్నాళ్లూ నాకు కూడా యాల చెప్పలేదు?” అని పోట్లాడింది. సిగ్గు పోయిందా అంటే పోలేదు అమ్మా. ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి. చెప్పాక కూడా సిగ్గుంటుందని నాకు తెలియదు.

కుప్పంలో నాకు కామెర్లు వచ్చినప్పుడు నువ్వు ట్రైనింగులో ఉన్నావు. మామ వచ్చి హాస్టల్ బయట అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి మగవాళ్లని రానివ్వరు. చెరుకు రసం తెచ్చి వాచ్‌మన్‌తో పంపేవాడు. నేను కిటికీలోంచి చూస్తే, నన్ను చూడనట్టు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు, ఎందుకంటే మా స్నేహితురాళ్లు ఏడిపిస్తారని నేను ఒకసారి విసుక్కున్నాను. ఆ రోజు ఎవరైనా వచ్చి నీకు ఎవరు కావాలి అని అడిగి ఉంటే ఆ అరుగు వైపు చూపించేదాన్ని. అడగకపోయినా నాకు జవాబు ఉండింది. మామకి ఉండిందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. మనమిద్దరం ఆయనకి పనులు అప్పగించడమే తప్ప ఆయన ఏం కోరుకున్నాడో చూడలేదు.

అందుకే ఆ విడి ఉత్తరంలో ఆయన్ని అడిగాను. నేను చేసినవన్నీ రాశాను. తెలిసినవాళ్ల అబ్బాయి అన్నది, ఫారంలో లేదన్నది, వీడియో కట్ చేసింది, ఎందుకు కట్ చేశానో అదీ. ఇంత తెలిసి, అక్క కోసం కాకుండా, పాప కోసం కాకుండా, ఆయనకి ఆయనగా నాతో కాపురం చేయాలని ఉందా అని. కొన్ని దేశాల్లో మన పెళ్లికి అభ్యంతరం లేదట, అక్కడికి పోవచ్చు. లేదంటే కుప్పంలో ఆసుపత్రులు లేవా? అవన్నీ తర్వాత. ముందు ఆయన మాట కావాలి.

అక్టోబరు ఐదో తేదీ పొద్దున బెంగళూరులో దిగుతున్నాను, సెలవు మీద. ఫోన్‌లో మామ చేత జవాబు చెప్పించొద్దు. ఫోన్‌లో ఆయన ఎప్పుడూ సరే అనే అంటాడు. ఇష్టం ఉంటే ఎయిర్‌పోర్టుకి ఆయన ఒక్కడే రావాలి. ఇష్టం లేకపోతే నువ్వూ నాయనా రండి. నేను ఏడవను. మామని ఒక్క మాట అనొద్దు, అననివ్వొద్దు. ఆయన అప్పుడూ నాకు మామే.

నువ్వు ఆయనకి ఏమీ చెప్పొద్దు. వంట మంచిదేమైనా చేసి పెట్టి మెత్తబరచొద్దు. ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ
ప్రమీల

* * *

పుంగనూరు,
20 సెప్టెంబరు 2024.

పాపా,

నీ ఉత్తరం వాడికి ఇచ్చినాను, విప్పకుండా. చేతికిచ్చి నేను అంగన్‌వాడీకి పోయినాను. ఆరోజు పని లేకపోయినా సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. పిల్లల బొమ్మలన్నీ కడిగినాను.

ఇంటికి వచ్చేసరికి వాడు లేడు. మీ నాయనని అడిగితే, “చదివినాడు. మళ్లా చదివినాడు. మదనపల్లె బస్సెక్కినాడు” అన్నాడు. మూడు రోజులు మార్కెట్టులోనే పడుకున్నాడు. నేను ఫోన్ చేయలేదు. నా చెయ్యి ఫోన్ మీదకి ఎన్నిసార్లు పోయిందో మీ నాయనకి తెలుసు. నువ్వు వీడియో కట్ చేసినది వాడికి తెలియాలనా రాసినావు తల్లీ అని ఒకసారి నీ మీద ఏడ్చినాను కూడా.

నిన్న వచ్చినాడు. అన్నం పెట్టినాను, ఉత్త రసం అన్నమే, ఏమీ మంచిది చేయలేదు. తిన్నాడు. నీ ఉత్తరానికి ఏమనుకున్నాడో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. మధ్యలో నేను లేను. పుట్టి బుద్ధెరిగినాక వాడి సంగతి ఒకటి నాకు తెలియకుండా ఉండడం ఇదే మొదలు. నాకు కష్టంగానే ఉంది, కానీ కష్టంగా ఉండనీ.

చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్క మాట మాత్రం అన్నాడు. ఆ మాట నీకు రాస్తున్నాను, అంతకంటే నాకు తెలియదు.

“అక్కా, అయిదో తేదీ నువ్వు బెంగళూరుకి రావద్దు. బావను కూడా రానీయొద్దు.”

మేము రావడం లేదు పాపా.

మీ అమ్మ
పార్వతమ్మ